పారేసిన కలబందలు

ఆమె చనిపోయిన పదకొండో రోజుకు గానీ నాకు తెలియలేదు. చెప్పింది కూడా సొంతవాళ్ళు కాదు. ఆదోని మార్కెట్లో టమాటాలు ఏరుకుంటుంటే, ఆమెతో పాటు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసిన ఒకావిడ నా పక్కన చతికిలబడి, "టీచరమ్మా, మీ సందులో కలబందలు పెంచుతాండె సూడు, ఆయమ్మ ఎమ్మిగనూరులో సచ్చిపోయినాదంట. దగ్గేనంట" అంది. అని, మెత్తటి కాయ ఒకటి పక్కన పడేసి ఇంకొకటి అందుకుంది. నేను ఏరిన టమాటాలు బుట్టలోనే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసే ముఖం నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా. చిన్నపిల్లలకు ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని నేను. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని. నాకు నోరెక్కువని మా సందులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పిల్లల చేత పలక మీద రాయించాను కూడా.

మా సందులో గడప మీద కలబంద వేలాడని ఇల్లు లేదు. వేళ్ళకు నల్లదారం కట్టి తలకిందులుగా వేలాడదీస్తారు. మట్టి లేదు, నీళ్ళు లేవు, అయినా నెలల తరబడి బతుకుతుంది. అది పచ్చగా ఉన్నన్నాళ్ళు ఇంటికి ఏమీ కాదని నమ్మకం. ఎండి ముడుచుకుపోతే, ఇంటి మీద పడిన దిష్టంతా అది లాగేసుకుందని అర్థం. అప్పుడు అమావాస్యనాడు దాన్ని దించి, ఇంట్లోవాళ్ళందరికీ దిగదుడిచి, మూడుదార్లు కలిసేచోట పారేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. చూస్తే వెంట వస్తుందట. ఎవరూ వెనక్కి చూడరు గనకే, పారేసినవి ఏమవుతున్నాయో మా సందులో చాలా ఏళ్ళు ఎవరికీ తెలియలేదు.

నేను చూశాను. అమావాస్య మర్నాడు పొద్దున బడికి పోతుంటే, సందు చివరింటి ఆమె కూడలిలో గొంతుక్కూర్చుని ఉంది. చుట్టూ నిమ్మకాయ డిప్పలు, కుంకుమ, పగిలిన గుమ్మడికాయ. వాటి మధ్యలోంచి బూడిదరంగుకు తిరిగిన ఒక కలబందను పైకి తీసింది. దారాన్ని పళ్ళతో తెంపింది. వాడిన మట్టలు ఒక్కొక్కటే పీకేసి, నడిమధ్య మొవ్వును బొటనవేలితో నొక్కి, జ్వరం చూసేవాళ్ళలాగా కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏం జేస్తాండావక్కా? అది దిష్టిది" అన్నాను.

"బతికుండాది" అంది తల ఎత్తకుండానే.

"బతికుంటే మాత్రం? ఊళ్ళోవాళ్ళ పీడంతా ఇంటికి మోసుకుపోతావా?"

"పీడ వాళ్ళది టీచరమ్మా. సెట్టు ఏం పాపం జేసినాది? అన్ని నెల్లు తలకిందులుగా ఏలాడె. దిగినాక గూడా దానికి ఇంత మన్ను లేకపాయె."

కొంగులో చుట్టుకుని లేచిపోయింది. నాకు బడికి ఆలస్యమైంది గానీ కాసేపు అక్కడే నిలబడ్డాను. చదువుకున్నదాన్ని నేను, దిష్టి అంటూ భయపడుతున్నాను. నిశానీ వేసే మనిషి భయపడటం లేదు. సిగ్గేసింది.

రేకుల కప్పు ఒంటి గది, ముందర కొంచెం ఖాళీ జాగా, అదీ ఆమె ఇల్లు. మొగుడు బెంగుళూరు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని విన్నాను. ఆదివారం చర్చికి పోయేది. అంతకు మించి ఆమె చరిత్ర నాకు తెలియదు. తెలిసింది ఆ జాగాలోని డబ్బాల గురించి. ముప్ఫైకి పైనే ఉండేవి. నూనె డబ్బాలు, రంగు డబ్బాలు, పగిలిన బిందెలు. ప్రతిదానికీ అడుగున మేకుతో అయిదారు బొక్కలు. చుక్క నీళ్ళు నిలవడానికి వీల్లేదు. నిలిస్తే ఆమె ఆ డబ్బా ఎత్తి కుదిపి, మేకు తెచ్చి ఇంకో బొక్క కొట్టేది.

కలబందను ఎలా బతికించాలో నేను ఆమె దగ్గరే చూసి నేర్చుకున్నాను. తెచ్చిన వెంటనే నాటేది కాదు. కుళ్ళిన వేళ్ళు కోసేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. పుల్లటి వాసన వస్తే ఇంకా పైకి కోసేది. కోసినచోట పచ్చటి చేదు రసం కారుతుంది. అదంతా పోయి గాయం ఎండేదాకా నాలుగైదు రోజులు నీడలో పడేసేది. మా వైపు నల్లరేగడి దానికి పనికిరాదు, నీళ్ళు పట్టుకుని వదలదు. అందుకని కొండ కింద నుంచి గరుసు మట్టి తెచ్చి, ఇసుక, పెంకుముక్కలు కలిపి అందులో నిలబెట్టేది. నాటాక వారందాకా నీళ్ళు చూపించేది కాదు. నేను ఒకసారి జాలిపడి చెంబుతో పోయబోతే చెయ్యి పట్టుకుంది.

"అడగనిదానికి పోస్తే సస్తాది టీచరమ్మా. ఎక్కువ జూసుకునేవాళ్ళ చేతిలోనే ఇది సస్తాది."

పోసినా మొదలు దగ్గర పోసేది, మొవ్వులో పడనిచ్చేది కాదు. మా ఊళ్ళో పత్తి కాలమంతా మిల్లుల నుంచి దూది నూగు గాలిలో తేలి వచ్చి ప్రతిదాని మీదా వాలుతుంది. మట్టల నడిమధ్య గుంటలో పేరుకుంటుంది. ఆమె పనినుంచి రాగానే కాళ్ళు కడుక్కోకముందే ఒక్కో డబ్బా దగ్గర వంగి, ఉఫ్ ఉఫ్ మని ఊదేది. నాలుగు చెట్లు ఊదేసరికి దగ్గు అందుకునేది. గోడ పట్టుకుని దగ్గి, కళ్ళు తుడుచుకుని అయిదోదాని దగ్గరికి పోయేది. పగలంతా ఆమె ఊపిరితిత్తుల్లోకి పోయిన నూగును ఊదేవాళ్ళు ఎవరూ లేరు. డాక్టరు దగ్గరికి పొమ్మంటే "పోతాలే" అనేది. పోలేదు.

ఏది ఎవరి గడప నుంచి వచ్చిందో ఆమెకు గుర్తు. ఇది పత్తి షావుకారు వాళ్ళది, ఇది కాంపౌండరు ఇంటిది, ఇది మసీదు పక్క కొట్టుది. నేను వింటూ నవ్వేదాన్ని. ఒకరోజు ఒక రంగు డబ్బా ముందుకు జరిపి, "ఇది ఎవురిదో సెప్పు సూద్దాం" అంది. బాగా బలిసిన చెట్టు, మట్టల అంచుల్లో ముళ్ళు తెల్లగా ఉన్నాయి.

"నాకేం తెలుసు."

"నీదే. సారు సచ్చిపోయిన నెలలో నువ్వు పారేసింది."

అంతకు ముందు ఏడు మా ఆయన గుండెపోటుతో పోయాడు. ఆ మర్నాడో మూడోనాడో, గడప మీద ఎండి వేలాడుతున్న దాన్ని చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం లాగేసుకున్నావే నువ్వు, అని తిట్టి, అమావాస్య దాకా కూడా ఆగకుండా తెంపి పారేశాను. ఆ సంగతి మరిచేపోయాను. అది నా ఎదురుగా పచ్చగా నిలబడి ఉంది. మొదట కోపం వచ్చింది. మనిషి పోయాడు, ఇది మాత్రం బతికిందా అని.

"ముట్టుకో, సల్లగుంటాది" అంది ఆమె.

ముట్టుకున్నాను. ఎండలో ఉన్నా చల్లగానే ఉంది. ఆయన పోయాక నలుగురిలో ఏడ్చాను గానీ, మనసారా ఏడ్చింది ఆ డబ్బా పక్కన కూర్చునే. ఆమె ఓదార్చలేదు. పక్కడబ్బాలో నూగు ఊదుకుంటూ ఉంది. ఆరోజు నుంచి ఆమె నాకు సొంత అక్క కన్నా ఎక్కువైంది. ఈ మాట ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా నిజమే గనక రాస్తున్నాను.

నాకు నోరెక్కువ అన్నాను గదా. ఆ ఏడు ఎండలు తగ్గాక, ఆమె చెట్లలో ఒకటి పూత తీసింది. ఇళ్ళల్లో పెంచే కలబంద పూయడం అరుదు. మట్టల మధ్యలోంచి నిటారుగా కాడ లేచి, పసుప్పచ్చ పూలు వేలాడాయి. ఆమె సంబరం చెప్పలేను. మిల్లుకు ఒక పూట సెలవు పెట్టింది. "ఎవరిదక్కా ఇది?" అంటే, "మూలింటోళ్ళది. మనవరాలు పుట్టిన్నాడు పాతది దించి పారేసినారు, కొత్తది కట్టినారు. మూడేండ్లాయె" అని నవ్వింది.

నేను ఇంటికి పోతూ మూలింటి ముందు ఆగాను. ఆ ఇంటి అవ్వ గడపలో బియ్యం ఏరుతోంది, మనవరాలు ఆమె వీపు మీద ఎక్కి ఊగుతోంది. "అవ్వా, మీరు పారేసిన దిష్టి చివరింట్లో పూలు పూసింది పోయి సూడు. మీ గడప మీద ఎండింది, ఆయమ్మ చేతిలో పూసింది" అన్నాను. ఎకసెక్కానికే అన్నాను. అవ్వ చెయ్యి బియ్యంలో ఆగింది. "మాదా? తెచ్చుకొని సాకినాదా?" అంది. "సాకడమేంది, నీ మనవరాలితో పాటు పెరిగింది" అని నవ్వి వచ్చేశాను. అంతే నేను చేసింది.

వానలు పడ్డాయి. సందులో కాలువ పూడిపోయి నీళ్ళు నిలిచాయి. మూలింటి ముందు సిమెంటు తొట్టిలో నీళ్ళు పచ్చబడ్డాయి. మా ఊళ్ళో కొళాయి రోజూ రాదు, అందుకని ఏ ఇంట్లోనూ తొట్టి వంపరు. పాపకు జ్వరం వచ్చింది. రెండు రోజులు మందుల షాపులో బిళ్ళలు వేశారు. మూడోనాడు ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసి కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. కర్నూలు చేరింది గానీ వెనక్కి రాలేదు. ఆ పాపను నేను వచ్చే ఏడు మా పాత బడిలో చేర్పిద్దామనుకున్నాను. వేలితో గాలిలో అ ఆ లు దిద్దేది.

దోమల పాఠం నేను ముప్ఫై ఏళ్ళు చెప్పాను. నీళ్ళు నిలవనివ్వని జాగా సందు మొత్తానికి ఒక్కటే ఉందని, అది డబ్బాలకు బొక్కలు కొట్టిన ఆమెదేనని, నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. కానీ బిడ్డ పోయిన ఇంట్లో కూర్చుని, మీ తొట్టి వల్లనే అని ఎవరంటారు? నేనూ అనలేదు.

పాప పోయిన పదకొండు రోజులకు, పొద్దున చివరింటి ముందు జనం మూగారు. హిందువులే కాదు, ఆమెతో కలిసి చర్చికి పోయేవాళ్ళూ వచ్చారు. నన్నూ పిలుచుకొచ్చారు, చదువుకున్నదాన్నని. మూలింటి అవ్వ నేల మీద కూర్చుని ఉంది. ఆమె డబ్బాల మధ్య నిలబడి ఉంది, చేతిలో మేకు.

అవ్వ అరవలేదు. నెమ్మదిగానే అంది. "మా పాప పుట్టిన్నాడు పారేసినదాన్ని నువ్వు ఎత్తుకొచ్చి సాకినావు. అది పూసినాక మా బిడ్డ పోయినాది. మా బిడ్డ ఆయుసు తాగి పూసినాది."

"అట్లనొద్దవ్వా" అంది ఆమె. "అది మీ ఇంటిదని నీకెవురు సెప్పినారు?"

"ఎవురేంది, టీచరమ్మ సెప్పె. మా గడపలో నిలబడి నవ్వుకుంటా సెప్పె."

అందరూ నావైపు చూశారు. ఆమె కూడా చూసింది. ఆ చూపులో నింద లేదు. నేనేమంటానా అని ఎదురుచూసింది, అంతే.

"నేనెప్పుడన్నాను?" అన్నాను.

అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. బిడ్డ పోయిన దుఃఖంలో అవ్వకే ఏం గుర్తుందో అనుకున్నట్టు కొందరు తలలాడించారు. ఒక అబద్ధంతో ఇద్దరు మనుషుల్ని ఒకేసారి ముంచాను. పాప తండ్రి నా ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నువ్వే సెప్పు టీచరమ్మా, ఇయ్యన్నీ ఈడ ఉండొచ్చునా? ఇంకా పిల్లలుండారు సందులో."

ఉండొచ్చు నాయనా అని ఒక్కమాట అంటే సరిపోయేది. అంటే, మరి పాప ఎందుకు పోయింది అని అడుగుతాడు. తొట్టి గురించి చెప్పాలి. నేను అవ్వతో అన్నమాట ఒప్పుకోవాలి. ఆమెవైపు తిరిగి, "తీసెయ్యక్కా. సెట్లే గదా. మళ్ళా పెంచుకుందువు" అన్నాను.

ఆమె "సరే" అంది.

ఎవరో బండిలోంచి పెట్రోలు తీసి పూత పూసిన చెట్టు మీద పోసి అంటించారు. మంట లేచింది, పెట్రోలు అయిపోగానే ఆరిపోయింది. పూలకాడ మాడింది గానీ మట్టలు చిటపటమని నీళ్ళు కక్కుతూ అలాగే నిలబడ్డాయి. మళ్ళీ పోశారు, మళ్ళీ ఆరింది. అప్పుడు నిజంగా భయం పుట్టింది జనానికి. ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాగారు. "సూసినారా, నిప్పుకు గూడా సావడంల్యా" అన్నారెవరో.

"నీళ్ళ సెట్టప్పా. యాడ కాల్తాది" అంది ఆమె. ఎవరూ వినలేదు.

ఆమె లోపలికి పోయి కొడవలి తెచ్చుకుంది. ఒక్కో డబ్బా వంచి, ఒక్కోదాన్ని మొదలంటా కోసింది. మొవ్వును రెండుగా చీల్చింది, మళ్ళీ లేవకుండా. ఎలా కోస్తే బతకదో ఆమెకే తెలుసు. చేతుల నిండా పచ్చటి రసం. సందంతా చేదు వాసన. రంగు డబ్బా వంతు వచ్చినప్పుడు నావైపు చూస్తుందేమోనని తల దించుకున్నాను. చప్పుడు మాత్రం వినపడింది.

కోసినవాటిని సిమెంటు సంచుల్లో నింపాక, ఊరిబయట పారేసి రావాలన్నారు. కానీ వాటిని ముట్టుకోవడానికి ఒక్కరూ రారు. దిష్టివి గదా. అందుకని ఆమే మోసింది. ఒక్కో సంచి నెత్తిన పెట్టుకుని, రైలు కట్ట దాటి చెత్తకుప్ప దాకా. ఆరుసార్లు పోయి వచ్చింది. మధ్యమధ్య గోడ పట్టుకుని దగ్గింది. జనం దారి వదిలి దూరంగా నిలబడ్డారు. నేను నా గడపలో నిలబడి ఆరుసార్లూ చూశాను. ఒక్క సంచికైనా చెయ్యి వెయ్యలేదు.

నెల తిరక్కుండా ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ఎమ్మిగనూరులో చెల్లెలి దగ్గరికి పోతున్నానని చెప్పడానికి నా గడప దాకా వచ్చింది. "పోయొస్తా టీచరమ్మా" అంది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. నేను తప్పు ఒప్పుకుంటానేమోనని ఒక నిమిషం ఆగిందని ఇప్పటికీ అనిపిస్తుంది. "జాగ్రత్తక్కా, దగ్గుకు చూపించుకో" అన్నాను. అంతకంటే ఏమీ నా నోట్లోంచి రాలేదు. ఇంత నోరున్నదాన్ని.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఎమ్మిగనూరు బస్సు నా ముందు నుంచి ఎన్నోసార్లు పోయి ఉంటుంది. ఒక్కసారీ ఎక్కలేదు. టమాటాల దగ్గర ఆ మాట విన్న మర్నాడు ఎక్కాను. దారి పొడుగునా చెప్పాల్సింది వల్లెవేసుకున్నాను. అవ్వకు చెప్పింది నేనే, అబద్ధమాడింది నేనే, మీ అక్క చేత్తో చెట్లన్నీ కోయించింది నేనే. చెల్లెలు కొట్టినా పడదామనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో చిన్న ఇల్లు. ఆమె చెల్లెలు నేతవాళ్ళకు నూలు చుట్టి ఇస్తుంది. నన్ను చూడగానే రాట్నం ఆపి లేచింది. అదే ముఖం, ఇంకా సన్నగా.

"ఆదోని నుంచి వచ్చినానమ్మా. మీ అక్క ఉన్న సందులో..." అన్నాను.

"టీచరమ్మవా?" అంది. గబగబా చాప పరిచింది. నా రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టింది. "వస్తావని అక్క అంటానే ఉండె. నాకు ఒకటే బాధమ్మా. అన్నేండ్లు ఆ సందులో ఉండె గదా, అంతమంది మీద పడితే నీ తట్టు ఒక్కరన్నా మాట్లాడలేదా అని అడిగినా అక్కను. ఎందుకు లేదు, టీచరమ్మ మాట్లాడె అన్నాది. అందురికీ అడ్డం నిలబడినావంట. సెట్లు ముట్టుకుంటే ఊరుకోనన్నావంట. సంచులు మోసేటప్పుడు గూడా నువ్వు ఒక పక్క పట్టినావంట. సచ్చేముందు దాకా అదే సెప్పుకొని ధైర్యంగా ఉండె."

నేను ఏం చేశానో అక్కకు తెలుసు. ఎదురుగా నిలబడి విన్నది. విని, చెల్లెలికి ఇలా చెప్పింది. నన్ను కాపాడాలని చెప్పిందో, తనకు ఆ సందులో ఒక్క మనిషి కూడా లేకపోయిందని చెప్పుకోలేక చెప్పిందో నాకు తెలియదు. రెండోదే అయి ఉంటుంది.

చెల్లెలు నా చేతులు వదల్లేదు. "అట్లనే జరిగినాదా టీచరమ్మా?" అంది. అనుమానంతో కాదు. నా నోటితో ఇంకోసారి వినాలని.

వల్లెవేసుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నా ముఖంలోకే చూస్తోంది.

"అవునమ్మా. అట్లనే జరిగింది" అన్నాను.